యేసుమణి ఇంటి ముందు బండి

తొండుపల్లి, 2012. గురువారం సాయంత్రం. ఒక ఇంటి ముందుగదిలో కుట్టుమిషను నడుస్తోంది. గుమ్మంలో ఒకామె నిలబడింది.

"చెప్పులు ఇడువ. నీ ఇంటికి గింత మర్యాద చాలు."

"ఇడువకు చెల్లె. కింద సూదులు పడ్డయి, కాళ్ళకు గుచ్చుకుంటయి."

"చెల్లె అనకు నన్ను. నేనెవరో ఎరుకనా నీకు?"

"ఎరుకే. గోవర్ధనన్న ఇంటామెవు. కవితవు."

"అబ్బ! అన్ననా? అన్న అంటే అయిపోయిందా యేసుమణీ? గట్ల పిలిస్తే తొండుపల్లి నమ్ముతదేమో, నేను నమ్మ."

"కూసో. ఆ కుర్చీ మీది బట్టలు పక్కకు పెట్టు."

"కూసుండనికి రాలే. నీ ఇంటి ముందట ప్రతి గురువారం మా ఆయన బండి ఉంటున్నదట. మీ వాడ చంద్రమ్మ చూసింది. ఒకపారి కాదు. చూసి చూసి, ఇగ కడుపుల దాచుకోలేక నాకు చెప్పింది."

"చంద్రమ్మనా? కండ్లు మసక అని సూదిల దారం నాతోనే ఎక్కిపిచ్చుకుంటది. బండి నంబరు మాత్రం మంచిగనే కనవడ్డట్టుంది."

"మాట మార్చకు. ఉంటదా, ఉండదా?"

"ఉంటది."

"ఏంది?"

"ఉంటది అంటున్న. ప్రతి గురువారం."

"సిగ్గు లేకుంట ఎట్ల చెప్తున్నవ్!"

"అడిగినవ్, చెప్పిన. అబద్ధం ఆడుమంటవా?"

"నాకేమో డ్యూటీ అని చెప్తడు. ఎయిర్‌పోర్ట్‌ల డ్రైవర్లు తక్కువున్నరు, గురువారం ఓవర్‌టైం పడ్డది అంటడు. నేను పిచ్చిదాన్ని, డబ్బాల నాలుగు చపాతీలు ఎక్కువ పెట్టి పంపుత."

"గట్ల చెప్పుడు తప్పే. నేను కూడ అన్న గోవర్ధనన్నతోని, ఇంటామెకు అబద్ధం చెప్పకు అని."

"నువ్వు కూడ అన్నవా! అంటే నాకేం చెప్పాలె, ఏం చెప్పొద్దు, ఇద్దరు కూసొని ముచ్చట పెట్టుకుంటరన్నట్టు. నా చపాతీలు కూడ నువ్వే తిన్నవా?"

"అందరం తిన్నం. మంచిగుంటయి."

"అందరా? అందరు ఎవరు? … ఏంది? ఇనవడలే. మల్ల అను."

"విమానం పోనియ్యి. … ఆ. ఇక్కడ గురువారం గురువారం కూటం ఉంటది అంటున్న. పది మంది దాక వస్తరు. గోవర్ధనన్న ఒక్కడే వచ్చుడు కాదు."

"కూటమా? మా ఆయన మైసమ్మ గుడి కాడ కూడ దండం పెట్టకుంట చేతులు కట్టుకొని నిలవడ్తడు. ఆయనతోని ప్రార్థన చేపిస్తున్నవా?"

"ప్రార్థన కాదు, పాట కాదు. తాగుడుతోని ఆగమైన ఇండ్లోళ్ళు వస్తరు. కూసుంటరు. కడుపుల ఉన్నది చెప్పుకుంటరు. చాయ్ తాగి పోతరు. గంతే."

"చెప్పుకుంటరా? మా ఆయన చెప్పుకుంటడా? ఇంట్ల రిమోట్ ఏది అని అడిగితే నోరు తెరువడు, చెయ్యితోని చూపిస్తడు. గా మనిషి ఇక్కడ మాట్లాడుతడా?"

"మాట్లాడుతడు. ఒక్కోసారి ఏడుస్తడు."

"…ఏడుస్తడా?"

"ఏడుస్తడు."

"నీ ముందట?"

"అందరి ముందట."

"మా మామ ఈశ్వరయ్య సచ్చిపోతే ఏడువలే ఆయన. భూమి ఎయిర్‌పోర్ట్ కిందికి పోతే ఏడువలే. పెండ్లయి పదకొండేండ్లాయె, నేను ఒక్కనాడు కూడ ఆయన కండ్లల్ల నీళ్ళు చూడలే. గవి కూడ నువ్వే చూసినవ్."

"జర కూసో కవితా. మొకం చూడు ఎట్లయిందో."

"నా మొకం సంగతి నీకెందుకు? ఏం కుడుతున్నవ్ అది, మొగోళ్ళ ప్యాంటా? ఎవరిది?"

"ఎయిర్‌పోర్ట్‌ల ఊడ్చే ఆడపిల్లలది. ఎవలకైనా ఒకటే సైజు ఇస్తరంట. సన్నపిల్లలకు జారిపోతున్నయి, బొద్దు పిల్లలకు ఎక్కుతలేవు. గవి బాగుచేస్తున్న. మీ ఆయనది కాదు."

"నేను గట్ల అన్ననా?"

"కండ్లు గట్లనే అన్నయి."

"చూడు యేసుమణీ, నువ్వు తాగుడు మాన్పిచ్చేదానివేమో నాకెరుక లేదు. గని ఒక్కటి అడుగుత. మా ఆయన తాగినన్ని దినాలు ఎవరు ఏగిన్రు? నేను. శంషాబాద్ బస్టాండ్ కాడ మోరీల పడితే ఎవరు లేవట్టిన్రు? నేను. రాత్రిళ్ళు ఎవరినీ పండుకోనియ్యక ఒర్రితే చుట్టుపక్కలోళ్ళ కాళ్ళు ఎవరు పట్టుకున్నరు?"

"నువ్వే."

"బిడ్డ మీద ఒట్టు వేయిపిచ్చిన. పస్తులున్న. మా అమ్మగారింటికి పోయి మల్ల నేనే సిగ్గు లేకుంట తిరిగొచ్చిన. ఒక్క మాట ఇనలే. నీ కాడికి వచ్చిండు, మానిండు. నీ నోట్ల ఏం చక్కెర ఉన్నది? నాకు లేంది ఏం చూసిండు?"

"నేను మాన్పియ్యలే."

"దాయకు."

"దాస్తలే. మానినంక వచ్చిండు ఇక్కడికి. మానిన చాన్నాళ్ళకు. వచ్చిన్నాడే చెప్పిండు, నేను తాగుడు ఇడిచిన అక్కా అని."

"మరి ఎవరు మాన్పిచ్చిన్రు?"

"నువ్వే."

"ఎక్కిరిస్తున్నవా?"

"నిజం చెప్తున్న. ఒకనాడు పొద్దున లేచి చూసేవరకు నీ చేతికి కట్టు ఉందట. ఎట్లయింది అని అడిగితే…"

"బాత్‌రూంల జారి పడ్డ."

"గట్లనే చెప్పినవంట. గని ఆయనకు యాదికి వస్తలేదంట, రాత్రి ఏం చేసిండో. యాదికి రాలేదని భయమైందంట. నువ్వు ఒక్క మాట అనకుంట ఎడమచేతితోని చాయ్ పోసిచ్చినవంట. గా దినం ఇడిచిండు."

"…ఆ చాయ్ ముచ్చట కూడ చెప్పిండా?"

"చెప్పిండు."

"నాకు చెప్పలే. నా చెయ్యి ఎందుకు ఇరిగిందో నా ముందట ఆ మాట ఒక్కసారి ఎత్తలే. నీకొచ్చి చెప్పిండు! నా చెయ్యి, నా నొప్పి, నా చాయ్. అన్నీ తెచ్చి నీ ఒళ్ళ పోసిండు."

"నొప్పి చాన్నాళ్ళు ఉండెనా?"

"ఉండదా? బొక్క ఇరిగింది. నిద్ర లేకుండె. మా అత్త అనంతమ్మ పాపం ఓర్వలేక పొద్దుమూకినంక ఇంత కల్లు తెచ్చి పోసేది. తాగు బిడ్డా, గుంజుడు తగ్గుతది అని. నిజంగనే తగ్గింది. … నీకెందుకు గీ ముచ్చటంతా?"

"ఏం లేదు. జర ఈ సూదిల దారం ఎక్కియ్యవా? నాకు కనవడ్తలేదు."

"నీ పనులు చేయనికి వచ్చిన్నా నేను? … తే."

"ఎక్కిందా?"

"ఆగు. రంధ్రం సన్నగున్నది."

"చేతులు వణుకుతున్నయి."

"కోపానికి. మొగుణ్ణి గుంజుకున్నదాని ముందట కూసుంటే ఎవరికి వణుకయి? ఆగు, గొంతు ఎండింది."

"నీళ్ళు తెస్త."

"వద్దు, నాకాడ ఉన్నది."

"ఏందది సీసాల?"

"కల్లు. ఏం, మీ ప్రభువు వద్దంటడా? జర వేడి చేసింది ఒళ్ళు, పొద్దటిసంది ఎండల తిరుగుతున్న. … తే ఇగ సూది. చూడు, ఎక్కింది. కోపం దిగింది."

"దిగింది. కవితా, ఒకటి అడుగుత. మన దిక్కు ఈతచెట్లు ఎన్ని మిగిలినయి?"

"ఎక్కడియి చెట్లు? అన్నీ విమానాల కిందికే పాయె."

"మరి కల్లు దుకాణంల సీసాలు తగ్గినయా?"

"తగ్గుతయా! కల్లు పోసే గోలెం ఇంకోటి పెట్టిన్రు, పక్కకే ఇంకో షెడ్డు ఏసిన్రు."

"చెట్లు పోయినంక కల్లు పెరుగుడేంది?"

"నాకేం ఎరుక? ఎక్కడికెల్లో తెస్తరు."

"కొన్ని దుకాణాలల్ల నీళ్ళు, చక్కెర, నిద్రమందు పొడి. మా ఇంటాయన మత్తయ్య గదే తాగిండు. ఏండ్లకేండ్లు. కల్లే గద అనుకున్నం. మొన్నటి తెలంగాణ బంద్‌ల దుకాణం తెరువలే. పొద్దుగూకేసరికి మెడ ఒక దిక్కు గుంజింది. గోడల మీద పాములున్నయి, కొట్టుమని ఒర్రిండు. దవాఖానకు తీస్కపోనికి బండి దొరుకలే. తెల్లారి పోయిండు."

"…పాపం. గా బంద్ నాడు నాకూ జరం వచ్చింది."

"జరమా?"

"జరమే. ఒళ్ళంతా చీమలు పాకినట్టు. నా బిడ్డ అఖిల భయపడి ఏడ్చింది. తెల్లారి దుకాణం తెరిచి… తెల్లారి తగ్గింది. నువ్వు మిషన్ కుట్టుకో యేసుమణీ, డాక్టర్‌వు కాకు. అసలు నేను వచ్చిన పని వేరే. నా బిడ్డ ఏది?"

"పాల ప్యాకెట్ తేనికి పోయింది, మా పిల్ల జెరూషాతోని."

"అంటే నిజమే! ట్యూషన్ అని చెప్పి అఖిలను కూడ ఇక్కడనే ఇడుస్తున్నడు!"

"ట్యూషనే. జెరూషా ఇంటర్ చదువుతున్నది, లెక్కలు చెప్తది."

"లెక్కలు చెప్తదో, నీ ఇంటి ఉప్పు అలవాటు చేస్తదో. మొన్న పప్పు పెడితే 'యేసుమణత్త ఇంట్ల పప్పు గిట్లుండదు' అన్నది. అత్తనంట! ఆ గిన్నె ఎత్తి మోరీల పారబోసిన."

"పిల్ల ఏం తిన్నది మరి?"

"…ఏమో. తిన్నది ఏదో. నాకు జర కన్నంటుకుంది."

"బడి కాడి నుంచి నువ్వే తోల్కపోయేదానివి గద మునుపు?"

"ఒక్కనాడు మరిచిపోయిన. ఒక్కనాడు! గేటు కాడ జరసేపు నిలవడ్డదంట, ప్రళయం వచ్చినట్టు చేసిండు ఆయన."

"ఒక్కనాడేనా?"

"రెండు మూడుసార్లు. ఇంట్ల పని ఉంటది, మనిషి మరువదా? ఒకపారి పొయ్యి మీద పాలు మాడినయి. ఇంత పొగ వచ్చింది. ఎవరింట్ల మాడయి పాలు? గా దినం నుంచి నా మొకం చూసుడు బంద్ పెట్టిండు. ఎందుకు చూస్తడు? చూసే మొకం ఇక్కడున్నది."

"నా మొకంల ఏమున్నది చెల్లె? నలభై దాటినయి, ముందటి పన్ను ఊడింది."

"బుద్వేల్‌ల ఇల్లు ఎందుకు చూసిండు మరి? ఏం, మిషన్ ఆగిపోయింది? మల్లేశ్వర్ ఇండ్లు కిరాయికి చూపెడ్తడు, మా ఆయనతోని చదువుకున్నోడు. వదినా, ఇల్లు మారుతున్నరంట గద అని నన్నే అడిగిండు. ఒక అర్ర, ఒక వంటర్ర. నాకు తెల్వకుంట నా మొగుడు ఇల్లు చూస్తడా? అందుల ఎవరుంటరు? చెప్పు. నువ్వు ఉంటవా?"

"నేను ఉండ."

"మరి ఎవరు?"

"గది నేను చెప్పొద్దు."

"ఎందుకు చెప్పొద్దు?"

"ఈ గదిల ఒకరు చెప్పింది గుమ్మం దాటొద్దు. గది మా కట్టుబాటు. నువ్వు ఆయన్నే అడుగు. ఇయ్యాలనే అడుగు. ఆలస్యం చేయకు."

"అడుగుత. ఇక్కడనే అడుగుత, నీ ముందట, నీ పది మంది ముందట. వచ్చినంక ఇద్దరిట్ల ఎవరు కావాల్నో తేల్చుమంట. నా ఇల్లు, నా మొగుడు, నా బిడ్డ. నీకు మొగుడు పోయిండని పరాయిదాని మొగుని మీద కన్ను పడితే నేను ఊకుంటనా?"

"కన్ను పడ్డది నిజమే."

"…ఏమన్నవ్?"

"కుళ్ళు పుట్టింది నాకు. అబద్ధమెందుకు? గని గోవర్ధనన్న మీద కాదు, నీ మీద. మా మత్తయ్య కోసం నేను తిరగని గడప లేదు. నా కోసం ఎవరైన గట్ల తిరిగిన్రా? నేను తిన్ననా, పండుకున్ననా అని ఒక్కరు అడుగలే. గోవర్ధనన్న కూసొని నీ ముచ్చట చెప్తుంటే, ఈ పోరికి ఎంత అదృష్టం అనుకుంట. ఒక్కోసారి ఇనలేక లేచి లోపలికి పోత."

"నా ముచ్చటనా? నా ముచ్చట ఏం చెప్తడు?"

"జర ఆ కత్తెర అందియ్యి."

"యేసుమణక్కా, నా ముచ్చట ఏం చెప్తడు ఇక్కడ?"

"యేసుమణీ! ఉన్నవానే? మామిడిపల్లి ఆటోలన్నీ ఇయ్యాల పహాడీషరీఫ్ దర్గాకే పోతున్నయి, సగం దూరం నడిచిన. అమ్మ నా మోకాళ్ళు! ఎవరీమె, కొత్తామెనా?"

"రుక్మిణమ్మ పెద్దమ్మా, నువ్వు లోపల కూసో. చాయ్ పెడ్త."

"అందరు రానియ్యి, అప్పుడు తాగుత. ఏం బిడ్డా, మొదటిసారా? సిగ్గువడకు. నేను నెల దినాలు నోరు తెరువలే, ఇప్పుడు మూయమన్నా మూస్తలేను. ఎవరు తాగుతరు మీ ఇంట్ల? మొగుడా, కొడుకా?"

"…మొగుడమ్మా. తాగేటోడు."

"నాకు కొడుకు. ఒక్కడే ఒక్కడు. లివర్ ఖరాబైంది అన్నరు డాక్టర్లు, కడుపు గింత ఉబ్బింది. అయినా సంచిల దాస్కొని తాగుతడు."

"ఇక్కడికి తోల్కరాలేదా అమ్మా ఆయన్ని? తాగేటోళ్ళే గద వచ్చేది?"

"తాగేటోళ్ళా! వాళ్ళెందుకొస్తరు బిడ్డా? వాళ్ళకు దుకాణం ఉన్నది. ఇక్కడికి వచ్చేది మనం. వాళ్ళ కక్కులు కడిగేటోళ్ళం, వాళ్ళు ఎప్పుడొస్తరో అని గుమ్మంల కూసునేటోళ్ళం. యేసుమణి చెప్పలేదా?"

"చెప్తున్న పెద్దమ్మా, అంతట్లకే నువ్వు వచ్చినవ్. నువ్వు కాళ్ళు కడుక్కో పో."

"కడుక్కుంట తియ్యి, తొందరేముంది?"

"అందరు ఆడోళ్ళేనా అమ్మా ఇక్కడ?"

"ఒక్క మొగపిలగాడు ఉన్నడు. వాన్ని చూస్తే నా కొడుకు సంగతి మరిచిపోత."

"పెద్దమ్మా!"

"ఏందే ఊకె పెద్దమ్మ పెద్దమ్మ? గదిల మాట గదిలనే ఉండాలె అంటవ్, ఈమె గదిలనే ఉన్నది గద. పేరు చెప్ప తియ్యి. ఎయిర్‌పోర్ట్‌ల బస్సు నడుపుతడు బిడ్డా. ఒకప్పుడు వాడు కూడ తాగేటోడే. పెండ్లాం చెయ్యి ఇరగ్గొట్టి, బుద్ధొచ్చి ఇడిచిండు. వాడు ఇడిచేసరికి ఆమె మొదలువెట్టింది."

"…ఏం మొదలువెట్టింది?"

"కల్లు. ముందు నొప్పికని, ఇప్పుడు లేస్తే సీసా, కూసుంటే సీసా. అన్నం తినదంట. పోరిని బడి కాడ మరిచిపోతదంట. ఒకనాడు పొయ్యి మీద పాలు పెట్టి సోయి లేకుంట పడిపోయింది, లోపల పిల్ల ఉండంగనే. పిల్ల పొగల దగ్గుకుంట తల్లిని లేపుతున్నదంట, లేస్తలేదంట. పక్కింటోళ్ళు తలుపు పలగ్గొట్టి గుంజిన్రు పిల్లను."

"పిల్ల… లోపలున్నదా?"

"తల్లికి గది కూడ యాదికి లేదంట. వాడు చెప్పనికి నోరు రాక మా ముందట ఏడుస్తడు."

"ఆమెకు చెప్పొచ్చు గద అమ్మా. తాగకు అని."

"ఎన్నిసార్లు చెప్పిండో! కల్లు తాగుడెట్లయితది అంటదంట. ఒక్కసారే బంద్ చేపిస్తే పానం పోతదేమో అని వానికి భయం. యేసుమణి ఇంట్ల గట్లనే అయింది గద. దవాఖానకు రమ్మంటే నేను రోగిష్టిదాన్నా అని మొత్తుకుంటదంట. ఇగ బిడ్డనన్న కాపాడుకో అని మేమే పోరువెట్టి బుద్వేల్‌ల అర్ర చూపిచ్చినం. వాడు, పిల్ల. ఇద్దరే."

"ఎప్పుడు పోతడు?"

"పోడు. గదే మా బాధ. వారం వారం వచ్చి, ఇంకొక్క వారం చూస్త పెద్దమ్మా అంటడు. నేను తాగిననాడు అది నన్ను ఇడువలే అంటడు. ఇయ్యాల మాత్రం ఇడువ వాన్ని, ఏదో ఒకటి తేల్చుమంట."

"కవి… చెల్లె. బండి సప్పుడైతున్నది. వెనుక తలుపు తీసే ఉన్నది. పోతే పో, నేను ఏం చెప్ప."

"ఉండనియ్యి అక్కా."

"ఏంది, ఎక్కడికి పోతది? కూసో బిడ్డా, ఇప్పుడే గద వచ్చినవ్. నా సోదిల పడి నీ సంగతి అడుగుడు మరిచిన. మీ ఆయన ఇంకా తాగుతనే ఉన్నడా?"

"లేదమ్మా. మానేసిండు. రెండేండ్లాయె."

"మంచిదాయె! మరి ఇంకెవరు బిడ్డా మీ ఇంట్ల తాగేది?"

"ఆయన పెండ్లాం."